ఈ ఒక్క బోరు అయిపోతే బ్యాటరీ మార్చేస్తా

ఆ రోజుల్లో నన్ను ఎవరు ఏమడిగినా నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: "ఈ ఒక్క బోరు అయిపోనీ." పన్ను సలుపుతోంది కదా, డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతావంటే ఈ ఒక్క బోరు అయిపోనీ. తెగిన చెప్పు ఎప్పుడు కుట్టిస్తావంటే ఈ ఒక్క బోరు అయిపోనీ. పెళ్లిచూపులకు కడపకు ఎప్పుడొస్తావని అమ్మ ఫోనులో అడిగితే (ఇది మాత్రం కొంచెం కావాలనే) ఈ ఒక్క బోరు అయిపోనీ. ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి రేపటి మీద ఎంత నమ్మకం ఉంటుందో తల్చుకుంటే ఇప్పుడు ఆశ్చర్యమేస్తుంది. నా నమ్మకం మాత్రం ఒక ఎండాకాలం పూట, డోన్ అవతల ఒక చీనీ (అంటే బత్తాయి) తోట పక్కన, అందరూ చూస్తుండగా పొగ కక్కుతూ కాలిపోయింది.

నేను పుట్టి పెరిగింది కడపలో. ఎమ్మెస్సీ జియాలజీ అయ్యాక కర్నూలులో ఒక చిన్న ఆఫీసులో చేరాను. రైతులు బోరు వేయించుకునే ముందు నేలను పరీక్షించి, ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో పాయింటు చూపించడం మా పని. ఆఫీసంటే ఒక గది, ఒక పాత జీపు, ఒక మీటరు, ఆ మీటరును చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తిరిగే మా సారు. రైతులందరికీ ఆయన మీటరు సారే. నేలలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, వాటికి తీగలు తగిలించి లోపలికి కరెంటు పంపుతాం. కడ్డీల మధ్య దూరం పెంచేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతుంది. కింద గట్టి రాయి ఉంటే అడ్డుకుంటుంది, పగుళ్లలో నీళ్లుంటే దారి ఇస్తుంది. మీటరు చూపించే అంకెలన్నిటినీ కలిపి గీత గీస్తే, ఆ గీత ఎక్కడ కిందికి వంగిందో అక్కడ ఆశ ఉన్నట్టు. సారు ఇరవై ఏళ్లుగా ఆ గీతను గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీస్తున్నారు. లాప్‌టాప్‌లో అంకెలు కొడితే గీత దానంతటదే వస్తుందని ఎవరో చెప్పబట్టి నన్ను పెట్టుకున్నారు. చేర్చుకునే రోజు ఆయన వేసిన ప్రశ్న కూడా ఒక్కటే. "సొంత లాప్‌టాప్ ఉండాదామ్మా? మంచిదేనా?"

"కొత్తదే సార్," అన్నాను. (డిగ్రీ మొదటి సంవత్సరంలో కొన్నది. దాని మూలన పగులు కనబడకుండా ఒక సీతాకోకచిలుక స్టిక్కరు అంటించి ఉంది.)

మొదట్లో అది మూడు గంటలు నడిచేది. సంక్రాంతి దాటేసరికి గంటన్నర, హోళీకి నలభై నిమిషాలు. పైగా దానికి ఒక వింత అలవాటు పట్టుకుంది. నూరు నుంచి అరవై ఒకటి దాకా మెట్టు మెట్టుగా మర్యాదగా దిగేది. అరవై ఒకటి దగ్గర కాసేపు ఆగేది. అక్కడి నుంచి ఏకంగా తొమ్మిదికి దూకేది. అందుకని పొలంలో కూర్చున్నంత సేపూ నా కళ్లు సారు చెప్పే అంకెల మీద కాక, తెర మూలనున్న ఆ చిన్న అంకె మీదే ఉండేవి. అరవై రెండు కనబడిందంటే, తొందరగా చెప్పండి సార్ అని అరిచేదాన్ని. వెలుతురు తగ్గిస్తే బ్యాటరీ నిలుస్తుందని తెరను ఎంత చీకటి చేశానంటే, ఒకసారి ఇరవై అంకెలు తప్పు గడిలో కొట్టి, అచ్చమైన బండ మీద చెరువుంది అన్నంత గొప్ప గీత తెచ్చాను. (సారు ఆ గీతను చూసి తల గోక్కుని మళ్లీ కడ్డీలు కొట్టించారు. ఎండ దెబ్బ అని సర్దుకున్నాను.) చల్లగా ఉంచితే ఆయుష్షు పెరుగుతుందని నేనుండే హాస్టల్లో ఎవరో అంటే, లాప్‌టాప్‌ను కవరులో చుట్టి ఫ్రిజ్జులో పెరుగు గిన్నె పక్కన పెట్టాను. హాస్టలు ఆంటీ తలుపు తెరిచి, నా వైపు చూసి, "చదువుకున్న పిల్లవు కదమ్మా," అని మాత్రం అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

మార్చాలని తెలుసు. ఎప్పుడు, ఎక్కడ అన్నదే తేలలేదు. కడపలో మా మేనమామ ఉన్నాడు. ప్రతి మాట చివరా "నాదీ గ్యారంటీ" అంటాడు గనుక ఇంట్లో అందరం గ్యారంటీ మామ అనేవాళ్లం. "కర్నూల్లో వేయించొద్దు పాపా, పాతవి తుడిచి కొత్తవంటారు. కడపలో మనోడుండాడు. నువ్వు రా, గంటలో మారుస్తాడు, నాదీ గ్యారంటీ," అని వారానికొకసారి ఫోను. కడపకు పోయి రావాలంటే రెండు రోజులు. ఎండాకాలంలో, ఊరూరా బోర్లు ఎండిపోయి రైతులు మా గుమ్మం ముందు కూర్చున్న రోజుల్లో, రెండు రోజుల సెలవు ఎలా అడగను? అడిగితే ఎందుకంటారు. ఎందుకో చెబితే కొత్తదన్నావు కదా అంటారు. ఇక కర్నూలులోనే పాత బస్టాండు వెనక సందులో ఒక రిపేరు షాపు ఉంది. ఎవరు వస్తువు తీసి బల్ల మీద పెట్టబోయినా "మెల్లగా, మెల్లగా" అనే ఆ పెద్దమనిషికి మెల్లగా భాయ్ అని నేనే పేరు పెట్టుకున్నాను. ఆయన దగ్గరికి నేను వెళ్లేసరికే బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. లాప్‌టాప్ బల్ల మీద పెడితే పొట్టి కాలు పీటలా ఊగేది. మూత సరిగ్గా పడక చున్నీతో కట్టి మోసేదాన్ని.

భాయ్ దాన్ని తిప్పి అడుగు చూశాడు. వేలు పెట్టి కూడా ముట్టలేదు. "అమ్మా, ఎన్ని దినాల్నించి ఇట్లుండాది?"

"ఒక వారం."

"దీన్ని ఈడే పెట్టి పో. చార్జింగ్ అస్సలు పెట్టొద్దు. సామాన్ హైదరాబాద్ నుంచి రావాల, మూడు నాల్గు దినాలు. అంతవరకు దీన్ని ముట్టనే వద్దు."

"నాలుగు రోజులా? నాకు రేపు ఆదోని సైడు పనుంది భాయ్. ఈ ఒక్క బోరు..."

"ఇది చెప్పి పేలదమ్మా," అన్నాడు భాయ్ చాలా మెల్లగా. నా ఫోను నంబరు రాసుకున్నాడు. నేను లాప్‌టాప్‌ను మళ్లీ చున్నీలో కట్టుకుని బయటికొచ్చాను. ఆ రోజు సాయంత్రం చార్జింగు పెట్టి, పక్కన బకెట్టు నిండా ఇసుక పెట్టుకుని, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. అది పేలలేదు. అదే నా ఖర్మ. పేలకపోయేసరికి భాయ్ కొంచెం ఎక్కువ భయస్తుడని నిర్ధారించుకున్నాను.

మరో వారం గడిచింది. డోన్ దగ్గర ఒక పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆఫీసు కుర్చీలో కూర్చోకుండా తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడే మాట్లాడాడు. "తొమ్మిదేండ్ల చీనీ చెట్లు సార్. బోరు నిలిచిపోయి ఇరవై దినాలాయె. ఆకు ముడుచుకుంటాండాది. ఎల్లుండి మధ్యాన్నం రెండు గంటలకు బోరు బండి మా ఊరి మీద పోతాది. పాయింటు చూపిచ్చింటే వేస్తాడు, లేకుంటే నిలవడు. మళ్లా పది దినాలకు గానీ రాడు. పది దినాలు ఆగవు సార్ చెట్లు." సారు నా వైపు చూసి, "పొద్దున్నే పోదాం. లాప్‌టాప్ ఉండాది కదా, గంటలో గీత వస్తాది," అన్నారు. నేను తల ఊపాను. నా మెడకు ఆ ఒక్క విద్యే బాగా వచ్చు.

జీపులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి లేపేదాన్ని. సారు చూసి, "కొత్త సామాను మీద ఎంత ప్రేమమ్మా నీకు!" అన్నారు. తోటకు చేరేసరికి తొమ్మిదిన్నర. చెట్లను చూశాను. ఆకులన్నీ లోపలికి చుట్టుకుని, గోలీలంత కాయలు కింద రాలి ఉన్నాయి. సారు పొలం మధ్యన గొడుగు కింద మీటరు పెట్టుకున్నారు. పెద్దాయన, ఇద్దరు కూలీలు సుత్తులు పట్టుకుని కడ్డీల దగ్గరికి పోయారు. ఎండలో నాకు తెర కనబడదు కనుక ముప్పై అడుగుల దూరంలో, కాయలు తీసేసిన ఎండుమేతను కుప్పగా పేర్చిన వేరుశనగ కట్టె వామి నీడలో కూర్చున్నాను. ఆ ఇంటి ఎద్దులకు, బర్రెకు వానలు పడేదాకా మేత ఆ వామి ఒక్కటే. దాని పక్కనే పెద్దాయన భార్య, అవ్వ, బిందెడు తాగేనీళ్లు పెట్టుకుని మాకు కాపలా అన్నట్టు కూర్చుంది.

"పాపా, ఆ పెట్టె నీళ్లు సూపిస్తాదా?"

"చూపిస్తుందవ్వా."

"మొక్కలప్పుడు ఒక్కో చెట్టుకు కడవతో నీళ్లు మోసి పోసినా. అవి నా మోకాళ్లు తిని పెరిగిన చెట్లు," అంది అవ్వ. "బాగా సూడమని సెప్పు దానికి."

సారు అంకెలు అరవడం మొదలుపెట్టారు. నేను కొడుతూ పోయాను. తొంభై నాలుగు శాతం, ఎనభై ఎనిమిది, డెబ్బై తొమ్మిది. గాలి లేదు. వామి నీడ కూడా కాలుతోంది. లాప్‌టాప్ అడుగు వేడెక్కి ఒళ్లో పెట్టుకోలేక, పక్కనే కట్టె పరక మీద దించాను. (ఇరవై మూడేళ్ల జియాలజిస్టు, ఉబ్బిన బ్యాటరీని ఎండు వేరుశనగ కట్టె మీద పెట్టింది. ఇప్పుడు రాస్తుంటే కూడా నా చెయ్యి వెనక్కి పోతోంది.) పద్దెనిమిదో అంకె, పంతొమ్మిది, ఇరవై. గీత మెల్లగా పైకి పోతోంది, అంటే గట్టి రాయి. ఇరవై మూడో అంకెకు ఆగింది. ఇరవై నాలుగుకు తల వంచింది! తెర మీద వేలు పెట్టి మళ్లీ చూసుకున్నాను. ఇంకో ఆరు అంకెలు కావాలి. తెర మూలన అరవై రెండు.

అప్పుడు ఫోను మోగింది.

"అమ్మా, నేను, షాపు నుంచి. నీ సామాన్ వచ్చింది, కొంచెం లేటయింది. ఎప్పుడొస్తావు?"

"రేపు భాయ్. ఖచ్చితంగా రేపు. ఈ ఒక్క బోరు..."

బుస్సుమని చప్పుడయింది.

"పాము!" అని అవ్వ ఎగిరి లేచింది. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అలాగే ఉండిపోయాను. అవ్వ చేతికందిన కర్రతో లాప్‌టాప్‌ను పక్కకు నెట్టి, దాని కింద పాము కోసం వెతికింది. పాము లేదు. సన్నగా తెల్లటి పొగ, ముక్కులో గుచ్చుకునే తియ్యటి వాసన. నేను అరిచాను, ఏమని అరిచానో గుర్తు లేదు. ఫోనులోంచి భాయ్ కేకలు మాత్రం వినిపిస్తున్నాయి. జీవితంలో మొదటిసారి ఆయన మెల్లగా అనడం లేదు. "చేత్తో ముట్టొద్దు! దూరంగా తొయ్! దూరంగా!" అంతలోనే సీతాకోకచిలుక ఉన్న మూల నుంచి భగ్గుమని మంట లేచి, కింద పరిచిన కట్టెకు అంటుకుంది. ఎండిన వేరుశనగ కట్టె ఎంత త్వరగా కాలుతుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మంట వామి వైపు పాకింది.

అవ్వ పార తీసుకుంది. ఒక్క తోపుతో లాప్‌టాప్‌ను దున్నిన నేలలోకి విసిరేసి, "మన్ను పొయ్ పాపా, సూస్తాండావేంటికి!" అని కసిరింది. నేను రెండు చేతులతో మట్టి తవ్వి దాని మీద పోశాను. పోసినదాని కిందనుంచి కూడా అది బుసబుసమంటూనే ఉంది. వెనక్కి తిరిగితే వామి అంచున జానెడు మంట. నేను బిందె పట్టుకుని లాప్‌టాప్ వైపు పరుగెత్తబోయాను. అవ్వ నా జబ్బ పట్టుకుని లాగింది. "తాగేకే నీళ్లు లేకుంటే దానికి పోస్తావా? ఇట్ల తే!" బిందెడు నీళ్లూ వామి అంచున గుమ్మరించింది. ఇద్దరం కలిసి అంటుకున్న కట్టెను ఈడ్చి ఈడ్చి బయట వేసి, నా చున్నీతో, ఆమె కర్రతో కొట్టి, కాళ్లతో తొక్కి ఆర్పాం. నా చెప్పు ఒకటి కరిగి మడమకు అంటుకుంది. అవ్వ ముంజేతి మీద రోమాలు కాలాయి. వామి నిలిచింది.

అప్పటికి అందరూ పరుగెత్తుకొచ్చారు. సారు ఆ మట్టికుప్పను చూశారు, నన్ను చూశారు. "ఏమైందమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ అంది: "ఎండకు పేలిపోయినాది సార్. పాపేం జేస్తాది? ఈ ఎండకు రాళ్లే పగుల్తాండాయి."

ఎంత సులువైన దారి! తల ఊపితే చాలు. నా మెడ కదిలింది కూడా. కానీ పెద్దాయన తడిసిన వామిని, ఖాళీ బిందెను, ఎండిన చెట్లను ఒకదాని తర్వాత ఒకటి చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఎండ కాదు సార్. బ్యాటరీ ఉబ్బింది. పేలుతుందని షాపాయన ముందే చెప్పినాడు. కొత్తదని కూడా అబద్ధం చెప్పినా. పాతది."

"ఎన్ని దినాల్నించి తెల్సు?"

"పదిహేను దినాల్నించి సార్."

సారు ఆ మట్టికుప్ప చుట్టూ ఒకసారి తిరిగారు. ఆరు నెలలుగా ఆయన అంకెలు పుస్తకంలో రాసుకోవడం మానేశారు, నన్ను నమ్మి. ఇరవై నాలుగు అంకెలూ మట్టి కింద ఉన్నాయి. చివరికి వాచీ చూసుకున్నారు. "పదకొండున్నర. బండి రెండుకొస్తాది. పెద్దాయనా, కడ్డీలన్నీ మొదట్నించి కొట్టాల. ఏమమ్మా, పెన్సిలు పట్టుకునేకి వస్తాదా?" జీపులోంచి పసుపుబారిన గళ్ల కాగితాలు తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

ఆ రెండున్నర గంటలు ఎలా గడిచాయో నాకిప్పటికీ కలలా ఉంటుంది. నీడ లేదు, నీళ్లు లేవు, ఒక కాలికి చెప్పు లేదు. సారు అంకె చెప్పడం, నేను లెక్క కట్టి చుక్క పెట్టడం. చెమట బొట్టు కాగితం మీద పడి ఒక చుక్క రెండు చుక్కలైతే, సారు "ఏది మనది, ఏది నీది?" అన్నారు. ఆయన నవ్వుతున్నారో తిడుతున్నారో తెలియలేదు. రెండు కాకముందే బోరు బండి దుమ్ము లేపుకుంటూ వచ్చేసింది. మేస్త్రీ దిగుతూనే, "పాయింటు యాడ?" అన్నాడు. లేదని తెలిసి మళ్లీ ఎక్కబోయాడు. అవ్వ అడ్డం నిలబడింది. "తిన్నారాప్పా? తినలేదు కదా. మా ఇంటి ముందు నిలిచిన బండి తినకుండా పోతే ఊర్లో నా మొగం యాడ పెట్టుకోవాల?" జొన్నరొట్టెలు, గుమ్మడికాయ కూర, ఎర్రకారం తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. వాళ్లు ఒక రొట్టె తింటే రెండు వేసింది. పక్కింటి నుంచి నీళ్లు తెప్పించింది, మజ్జిగ తెప్పించింది, మేస్త్రీ తల్లిదండ్రుల క్షేమం అడిగింది, వాళ్ల ఊళ్లో తనకు ఏనాడో తప్పిపోయిన చుట్టరికం కలిపింది. మూడో రొట్టె నడుస్తుండగా నా పెన్సిలు కింద గీత తల వంచింది. ఈసారి చుక్క చుక్కా నా చేత్తో పెట్టాను గనుక, అది కాగితం మీద కాక నా అరచేతిలోనే వంగినట్టనిపించింది. సారు మీటరు పెట్టుకున్న చోటే సున్నంతో గుర్తు పెట్టాం.

నూరడుగులకు తెల్ల దుమ్ము. రెండొందలకు దుమ్ము. మూడొందలకు దుమ్మే. పెద్దాయన తలగుడ్డ విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ విప్పాడు. నేను ఆయన వైపు చూడలేక బండి చక్రాన్ని చూస్తూ నిలబడ్డాను. మూడొందల నలభై దాటాక దుమ్ము రంగు మారింది. మేస్త్రీ చెయ్యెత్తాడు. పొద్దు వాలుతుండగా బురద ఎగిరి, దాని వెనకే నీళ్లు ఎగిరాయి. ఏరు పారలేదు, రెండించుల నీళ్లు. "సాలు," అన్నాడు పెద్దాయన. తలగుడ్డతో మొహం తుడుచుకుని మళ్లీ అన్నాడు, "సాలు. చెట్లు బతుకుతాయి." అవ్వ మాత్రం ఊరందరికీ వినబడేలా ప్రకటించింది: "ఆ పెట్టె నోరు మూసుకున్నంకనే సూడండి, నీళ్లు పడినాయి!"

తిరుగు ప్రయాణంలో సారు వెల్దుర్తి దాకా రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కడపకు పోయి గ్యారంటీ మామకు ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను. ముందు ఒక లారీ మెల్లగా పోతోంది. సారు చాలా దూరం నుంచే గేరు తగ్గించి, ఇంకా తగ్గించి, జీపును రోడ్డు పక్క మట్టిలోకి దింపి ఎలాగో నిలిపారు. తర్వాత స్టీరింగు మీద చేతులుంచి, నా వైపు చూడకుండా అన్నారు.

"నువ్వు అందరి ముందర ఉన్నదున్నట్టు చెప్పినావు. నేనూ ఒకటి చెప్పాల. ఈ జీపుకు బ్రేకు సరిగ్గా పడక నాల్గు నెలలైందమ్మా."

నా చేతులు వాటంతటవే ముందున్న కడ్డీని పట్టుకున్నాయి. "మరి ముందే చెప్పొచ్చు కదా సార్?"

"చెప్తే ఎక్కుతావా?"

కర్నూలు చేరేదాకా ఆ కడ్డీ వదల్లేదు. మర్నాడు జీపు షెడ్డుకు పోయింది, నేను లాప్‌టాప్ లేకుండా మూడు నెలలు గళ్ల కాగితం మీద గీతలు గీశాను. ఇప్పుడు నాకు కడపలో సొంత ఆఫీసుంది. ప్రతి వస్తువునూ పాడవకముందే మార్చేస్తాను, టైర్లు, తీగలు, బ్యాటరీలు, అన్నీ. మేడమ్ ఒట్టి భయస్తురాలని నా దగ్గర పనిచేసే పిల్లలు వెనక గుసగుసలాడుకుంటారు, నాకు వినబడుతుంది. నిజమే. కానీ అప్పుడప్పుడు ఆ పొద్దున గుర్తొస్తుంది. పేలబోయే పెట్టెను ఒళ్లో పెట్టుకుని నేను, బ్రేకు లేని జీపు తోలుతూ ఆయన, ఎవరి రహస్యం వాళ్లు దాచుకుని, పాపం ఈ మనిషికి ఏమీ తెలియదే అని ఒకరి మీద ఒకరం జాలిపడుతూ, డోన్ రోడ్డు మీద ఎంత హాయిగా పోయామో! అంత ధీమాగా నేను మళ్లీ ఏ బండీ ఎక్కలేదు.